ఒకే బల్ల దగ్గర నలుగురు

ఎవరైనా ఇద్దరు మాట్లాడుకోకుండా ఉంటే శివప్రసాద్‌కి అన్నం సహించదు. బ్రిస్బేన్ తెలుగు సంఘం రెండుగా చీలినప్పుడు ఇద్దరు అధ్యక్షుల్నీ తన ఇంట్లో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి గుత్తివంకాయ కూరతో కలిపాడు. ఆ తర్వాత సంఘం మూడైంది, అది వేరే సంగతి.

ఐటీ ఉద్యోగం పోయిన ఐదు నెలలకు, కచేరీలు పెట్టించే ఒక సంస్థలో అతనికి వారం రోజుల ట్రయల్ దొరికింది. చెక్ దేశం నుంచి వచ్చిన క్వార్టెట్‌ని, అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో వాయించే నలుగురిని, వ్యాన్‌లో తిప్పాలి. ఆదివారం నాలుగింటికి నలుగురూ స్టేజీ మీద ఉంటే ఉద్యోగం నీదేనంది మేనేజరు.

ఆ క్వార్టెట్‌కి డెబ్బై ఎనిమిదేళ్లు. మనుషులు మారినా ఏ కుర్చీలో ఆ కుర్చీ గురువు శిష్యులే కూర్చుంటూ వచ్చారు. గురువులు పెన్సిల్‌తో గుర్తులు పెట్టిన కాగితాలే ఇప్పటికీ చూసి వాయిస్తారు. కానీ రిహార్సల్ దాటితే ఒక్క మాట ఉండదు. హోటల్లో నాలుగు అంతస్తుల్లో నాలుగు గదులు, టిఫిన్‌కి నాలుగు బల్లలు. ఇంకేముంది, తన చేతుల మీదుగా విడిపోతున్నారని శివప్రసాద్‌కి బెంగ పట్టుకుంది.

“మీకెందుకండీ? డ్రైవ్ చేయమన్నారు, చేసి వదిలేయండి,” అంది భార్య సుగుణ.

“డెబ్బై ఎనిమిదేళ్ల కాపురం సుగుణా! సండే లంచ్‌కి తీసుకొస్తున్నా. గోంగూర పచ్చడి చెయ్యి.”

హాలుకి వెళ్లే దారేనని చెప్పి వాళ్లని స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని తన ఇంటికి తీసుకొచ్చాడు. మర్యాదస్తులు, కాదనలేకపోయారు. పెరటి గోంగూర మొదటి చెంచాకే మొదటి వయొలిన్ పావెల్ కళ్లు మూసుకున్నాడు. శివప్రసాద్ భార్య వైపు గర్వంగా చూశాడు.

సుగుణ ఎవరినైనా అడిగేదే వాళ్లనీ అడిగింది. పిల్లలేం చేస్తున్నారని.

“మా అబ్బాయి బ్ర్నో నగరంలో లాయరు. విడాకుల కేసులు చూస్తాడు,” అన్నాడు పావెల్.

చెల్లో వాయించే హానా చెంచా దించింది. పావెల్ ఇంటిపేరు వాళ్ల దేశంలో వీధికి పదిమందికి ఉంటుందట, అందుకే ఆమెకి ఇన్నాళ్లూ తట్టలేదు.

“విడాకుల్లో మా ఆయనకి నా ఇల్లు ఇప్పించిన లాయరు నీ కొడుకా?”

పద్నాలుగేళ్లుగా ఇద్దరూ కలిసి వాయిస్తున్నారు. తర్వాతి మాటలు చెక్ భాషలో సాగాయి, అర్థం కావడానికి భాష అక్కర్లేకపోయింది. ఒంటిగంటకల్లా హానా వరండాలో, పావెల్ గరాజ్‌లో, రెండో వయొలిన్ ఆవిడ బాత్రూంలో ఉన్నారు. తాను వాయించనని హానా తేల్చి చెప్పింది.

వయోలా పెద్దాయన ఒక్కడే బల్ల దగ్గర మిగిలి పచ్చడి తింటున్నాడు.

“మొదటి నలుగురూ ప్రాణస్నేహితులు,” అన్నాడు. “రోజూ కలిసి తిని రెండేళ్లకే కొట్టుకున్నారు. వాయించేటప్పుడు తప్ప కలవకూడదని అప్పుడే నియమం పెట్టుకున్నారు. మాది గొడవ కాదు బాబూ. గొడవ రాకుండా జాగ్రత్త.”

శివప్రసాద్‌కి తల కొట్టేసినట్టయింది. ఈసారి ఎవరినీ బుజ్జగించలేదు. ఇరవై నిమిషాల దూరంలోని హాలుకి నాలుగు ట్రిప్పులు వేశాడు. చివరి ట్రిప్పు హానాది. హాలు ముందు ఆగాక ఆమె వ్యాన్ దిగలేదు. సారీ చెబుదామని అతని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. నాలుగింటికి ఇంకా మూడు నిమిషాలుండగా ఆమె తనంతట తానే చెల్లో పెట్టె అందుకుంది.

మొదటి స్వరం చెల్లోదే. హానా కమాను ఎత్తి పావెల్ వైపు చూసింది. పావెల్ తలవంచాడు. ఆమె మొదలుపెట్టింది. ఆ నలుగురూ ఒకే ఊపిరి తీస్తున్నారని సంగీతం తెలియని శివప్రసాద్‌కి కూడా తెలిసింది. వెనక తలుపు దగ్గర నిలబడి ఏడ్చాడు.

కచేరీ అయ్యాక ఉద్యోగం ఖాయమని మేనేజరు మెసేజీ పెట్టింది. ఆ తర్వాత నలుగురూ విడివిడిగా వచ్చి అతని చెవిలో ఒకే మాట అన్నారు. ఆ పుల్లటి పచ్చడి కొంచెం కావాలట, మిగతావాళ్లకి చెప్పొద్దట.

ఇంటికెళ్లి చెబితే సుగుణ పెద్ద డబ్బా తీసింది. “ఒక్కదాన్లోనే పెట్టేస్తా. నలుగురూ పంచుకుంటారు.”

శివప్రసాద్ ఆ డబ్బా లాక్కున్నాడు.

“నాలుగు,” అన్నాడు. “మూతలు కూడా వేరే వేరే రంగులవి పెట్టు.”