నిలబడిన ఎడమకాలు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అందరూ తలతో వస్తే నేను కాళ్లతో వచ్చి మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చానట. అలా పుట్టినవాళ్లు కాలితో తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా ఆళ్లగడ్డలో నమ్మకం. మా పూజసామాన్ల అంగడికి కర్పూరం కోసం వచ్చేవాళ్ల కన్నా నడుం పట్టుకుని వంగి వచ్చేవాళ్లే ఎక్కువగా ఉండేవాళ్లు. బోర్లా పడుకోబెట్టి, ఎడమకాలి మీద నిలబడి, కుడికాలితో మెల్లగా తొక్కేదాన్ని. లేచి, "నీ కడుపు సల్లగుండ మహానందక్కా" అని పోయేవాళ్లు. ఆ మాటకు ఎంత మురిసిపోయేదాన్నో ఇప్పుడు దాచడమెందుకు?

నాలుగేళ్ల కిందట అంగడి మెట్టు దిగుతుంటే ఆ ఎడమకాలే మడతపడింది. విరగలేదు, బెణికింది. ఊళ్లో వాళ్ల నడుములకైతే నేనున్నాను, నా కాలికి ఎవరున్నారు? మా వీధి చివర ఆటో నడిపే దస్తగిరి కూడా ఎదురుకాళ్లతో పుట్టినవాడే. కబురు పెట్టి పిలిపించాను.

"కాలి బెణుక్కు తొక్కచ్చో లేదో నాకు తెల్దక్కా" అని వాడు నసిగాడు.

"నేను చెప్తాండా కదా, తొక్కప్పా" అని కసిరాను.

తొక్కాడు. సాయంత్రానికి చీలమండ గుమ్మడికాయంత అయింది.

కొన్నాళ్లకు వాపు తగ్గింది, నొప్పీ తగ్గింది. బెణుకే కదా అని వదిలేశాను. కానీ ఆ కాలు చదునైన నేల మీద కూడా ఉన్నట్టుండి పక్కకు తిరిగేది. ఒకసారి పెళ్లి పందిట్లో, ఇంకోసారి అంగడి ముందే కూలబడ్డాను. దాని మీద ఒంటికాలితో నిలబడే ధైర్యం పోయింది. నడుం పట్టి వచ్చినవాళ్లను విసుక్కుని పంపేసేదాన్ని. మహానందమ్మకు పొగరెక్కిందన్నారు. అనుకోనీలే అనుకున్నాను, కాలు పనికిరాదని చెప్పుకోవడం కన్నా అదే నయం. ఇంట్లోకి పోయి మాత్రం ఏడ్చేదాన్ని. పుట్టుకతో నాకొచ్చిన మంచి పని అదొక్కటే మరి.

దస్తగిరి ఆ పాపమంతా తన నెత్తినే వేసుకున్నాడు. మళ్లీ ఎవరినీ తొక్కలేదు. నంద్యాలలో ఇలాంటి కాళ్లకు కసరత్తు నేర్పే ఫిజియోథెరపీ అమ్మాయి ఉందని కనుక్కొచ్చింది కూడా వాడే. ప్రతి శనివారం తెల్లారేసరికి ఆటో మా గుమ్మం ముందుండేది. నేను రానంటే హారన్ కొడుతూ కూర్చునేవాడు. వీధి వీధంతా లేచేది. తిట్టుకుంటూ ఎక్కేదాన్ని. ఆ హారన్‌కు ఇప్పుడు చేతులెత్తి దండం పెడతాను.

ఆ అమ్మాయి పేరు ఆర్షియా. నా పాదం ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బెణికినప్పుడు సాగిన నరాలు వదులుగానే ఉండిపోయినాయమ్మా. కాలికి నిలబడేది మళ్లా నేర్పించాల. రోజూ గోడ పట్టుకోని దీని మీదే నిలబడు."

"ఈ వయసులో నన్ను కొంగను చేస్తాండావా?" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది.

ఇంటికొచ్చి చేశాను. పళ్లు తోముకుంటూ నిలబడ్డాను, పొయ్యి మీద పాలు పొంగేదాకా నిలబడ్డాను. మొదట రెండు చేతులూ గోడకు ఆనించాను, తర్వాత ఒక చెయ్యి, ఆ తర్వాత ఒక వేలు. ఆ వేలు మాత్రం తీయలేకపోయాను.

మొన్న నంద్యాల నుంచి వస్తుంటే శిరివెళ్ల దాటాక ఆటో టైరు పంక్చరైంది. స్టెప్నీ తీయడానికి వంగిన దస్తగిరి వంగినట్టే ఉండిపోయాడు.

"అక్కా... నడుం పట్టేసింది."

లేవలేడు, కూర్చోలేడు. రోడ్డు పక్కన తువ్వాలు పరిచి, నానా తంటాలు పడి బోర్లా పడుకోబెట్టాను. నేనేం చేయబోతున్నానో వాడికి అర్థమైంది.

"వద్దక్కా, పడిపోతావ్! ఎవర్నన్నా పిల్చు."

"ఈడ ఎవరుండారప్పా? నోర్మూసుకోని పండుకో."

పట్టుకుందామంటే గోడ లేదు. ఆటో చేతికందేంత దగ్గరలో లేదు. చెప్పులు విడిచి, ఎడమకాలు నేలకు ఆనించి, కుడికాలు ఎత్తాను. చీలమండ గడగడ వణికింది. పక్కకు తిరగబోయింది. ఆర్షియా చెప్పినట్టు బొటనవేలు నేలకేసి అదిమాను. తిరగలేదు. నా బరువంతా మోస్తూ నిలబడింది. కుడికాలితో వాడి నడుం మీద మెల్లగా తొక్కాను.

"పోయిందా?" అన్నాను.

వాడి భుజాలు అదురుతున్నాయి.

"ఏందప్పా, నొచ్చిందా?"

"లేదక్కా. నీ కాలు నిలబడింది" అన్నాడు, మొహం తువ్వాల్లోంచి ఎత్తకుండానే.

కాసేపటికి లేచి, పట్టు వదిలిందన్నాడు. నిజంగా వదిలిందో, నా కోసం అన్నాడో నాకు తెలియదు. స్టెప్నీ మాత్రం మూలుగుతూనే బిగించాడు. ఆటో ఎక్కబోతూ వాడి తల మీద చెయ్యి పెట్టాను. తొక్కించుకున్నవాళ్లు నాతో అనే మాట ఈసారి నా నోటే వచ్చింది.

"నీ కడుపు సల్లగుండ దస్తగిరీ."