నాయనకు గుర్రపు వైద్యం

పురసవాక్కంలో చీరల అంగడి నడిపే దొరస్వామికి కూతురు రంజని చదువు మొదటి నుంచీ మింగుడు పడలేదు. యూనివర్సిటీలో ఆమె చదివేది గుర్రాల శాస్త్రం, వాటి పోషణ. "లాయం కడిగేదానికి డిగ్రీ ఎందుకు పాపా?" అనేవాడు.

ఒక ఆదివారం వాషర్‌మెన్‌పేట్‌లో బంధువుల పెళ్ళి. దొరస్వామి పాయసం రెండుసార్లు వేయించుకున్నాడు. మూడోసారి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినట్టే పెట్టి తీసేశాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పేలోగా పొట్ట బండరాయిలా బిగిసింది. మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ మూలగసాగాడు.

"దొర్లొద్దు నాయనా, లెయ్!" అంటూ రంజని పరుగెత్తుకొచ్చింది. రొమ్ములో నొప్పి ఉందా, చెయ్యి లాగుతోందా అని అడిగింది. అవేమీ లేవన్నాడు. స్టెతస్కోపు తెచ్చి పొట్టకు రెండు వైపులా ఆనించి శ్రద్ధగా విన్నది.

"కుడిపక్క మోగతా ఉండాది. ఎడంపక్కే సద్దు లేదు."

"అయ్యో, అట్లంటే?" అంది తల్లి కనకవల్లి.

"గుర్రానికైతే గాలి పట్టిందని అర్థం. నడిపించాల."

"నేనేమన్నా గుర్రమా?" అని దొరస్వామి మూలిగాడు.

"గుర్రమైతే ఇంత మాట్లాడదు. లెయ్ నాయనా."

"డాక్టరు సాయంత్రం దాకా క్లినిక్కుకు రాడంట. సెరి, అంతవరకూ పాప చెప్పినట్టు నడువు," అని కనకవల్లి తీర్పు చెప్పింది.

తుండుగుడ్డ ఒక కొస పట్టుకుని రంజని ముందు, రెండో కొస పట్టుకుని దొరస్వామి వెనక. వీధి చివరిదాకా పోయి తిరిగారు. అలవాటు కొద్దీ ఆమె మధ్యమధ్య నాలుకతో టక్కుటక్కుమనిపించేది. ఆ చప్పుడుకు తన కాళ్ళు వాటంతటవే వేగం అందుకోవడం దొరస్వామికి తలకొట్టేసినట్టుంది.

ఎదురింటి సుబ్బన్ మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. "ఏమన్నా, వాకింగా?" అని పలకరించాడు.

అవునని బుకాయించబోయి దొరస్వామి నోరు తెరిచాడు. మాటకు బదులు త్రేన్పు వచ్చింది. పక్కనున్న పిల్లి ఉలిక్కిపడి గోడ దూకింది. వెనువెంటనే రెండో చప్పుడు, ఈసారి కింది నుంచి.

"శభాష్! గుడ్ బాయ్!" అంటూ రంజని తండ్రి వీపు మీద చప్పున తట్టింది. సుబ్బన్ మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం డాక్టరు చూసి, "గ్యాసే. నడిపించింది మంచిపని. ఎవరు చెప్పారు?" అని అడిగాడు.

దొరస్వామి గొంతు సవరించుకున్నాడు. "మా పాపండీ. గుర్రాల స్పెషలిస్టు."

ఇంటికి రాగానే వంటింటి వైపు చూశాడు. "రెండు ఇడ్లీలు తినొచ్చునా?"

"లద్దె పడేదాకా మేత లేదు," అనేసి రంజని నాలిక కరుచుకుంది. "మజ్జిగ తాగు నాయనా."

దొరస్వామి గొణుక్కుంటూ మజ్జిగ తాగాడు. "పాపం, ఆ గుర్రాలు నీతో ఎట్లా ఏగతా ఉండాయో!"

"నన్ను చూస్తేనే పరిగెత్తుకొస్తాయి. చెప్పిన మాట వింటే బెల్లం పెడతా కదా."

"అయితే నాదేదీ?"

రంజని లోపలికి వెళ్ళి చిన్న బెల్లం ముక్క తెచ్చి, అరచెయ్యి చాచి పట్టుకుంది. దొరస్వామి ఒకసారి గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. వంగి నోటితోనే అందుకున్నాడు.