దేవుడి జుట్టు

తలలో గడ్డ ఉందని తేలిన రోజే మా అత్త కుళ్ళాయమ్మ కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది, బాగైతే తలనీలాలిస్తానని. ధర్మవరంలో మా మగ్గాల వీధంతటికీ ఆ మొక్కు తెలుసు. అందుకే బెంగళూరు ఆస్పత్రిలో, రేడియేషన్ పెడితే జుట్టు రాలిపోతుందని చెప్పగానే ఆమె బెంచీ మీంచి లేచింది.

"పదమే రాధికా, ఊరికి పోదాం. దేవుని సొమ్ము మిషన్ తింటాదంటే నేనొప్పుకోను."

"అయితే ముందే కదిరికి పోయి ఇచ్చేద్దాం అత్తా."

"చీర నేసి మగ్గం మీంచి కోయకముందే కూలంతా ఇచ్చేస్తే ఎవడన్నా మగ్గంలో కూర్చుంటాడా? దేవుడైనా అంతే."

నాకు ఒళ్ళు మండింది. వైద్యం ఆపితే మనిషి దక్కదని డాక్టరమ్మ నాకు విడిగా చెప్పి ఉంది. ఈమెకేమో జుట్టు గోల.

డాక్టరమ్మ మాత్రం ఓపికగా వివరించింది. "అవ్వా, ఒంట్లో ప్రతి కణంలోనూ సన్నటి పోగులుంటాయి. ఈ కిరణాలు వాటిని తెంపుతాయి. కణం వెంటనే చావదు. రెండుగా చీలబోయి, తెగిన పోగులతో చీలలేక చస్తుంది. గడ్డ ఎప్పుడూ చీలుతూనే ఉంటుంది. జుట్టు కుదుళ్ళూ అంతే. అందుకే రెండింటికీ దెబ్బ."

"తెగిన పోగు అతుక్కోదా?"

"మంచి కణాలు చాలావరకు అతికించుకుంటాయి. గడ్డకు ఆ పని సరిగా చేతకాదు."

"అట్లయితే జుట్టు మళ్ళీ వస్తాదా?"

"చాలామందికి వస్తుంది. తప్పకుండా అని చెప్పలేను."

"సరే. ఇప్పుడుండేది మిషన్‌ది. మొలిచేది స్వామిది," అని అత్త మళ్ళీ బెంచీ మీద కూర్చుంది.

రేడియేషన్ మొదలైన కొన్ని వారాలకు జుట్టు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా రాలింది. అన్నిటికీ నోరు చేసుకునే మనిషి ఆ రోజు గోడవైపు తిరిగి పడుకుంది. జుట్టంతా నేనే ఎత్తిపోశాను.

గడ్డ కరిగిపోయిందని స్కాన్‌లో తేలేసరికి ఆమె తల మీద వేలెడు జుట్టు వచ్చింది. మరునాడే కదిరి బస్సెక్కాం. గుడి దగ్గర మంగలి తల తడుపుతూ, "ఏమవ్వా, ఇంతేనా?" అన్నాడు.

"ఉండేదిదే. కానీయప్పా."

మొదటి కుచ్చు ఆమె ఒళ్ళో పడింది. ఇన్నాళ్ళూ ఆమెను తిట్టుకున్నదాన్ని, ఉన్నట్టుండి భోరుమన్నాను.

కత్తి కింద తల వంచుకునే ఉండి అత్త గదమాయించింది.

"ఏడుస్తావేమే? ఈతూరి నేనే ఇస్తాండా కదా."