బ్రాకెట్లమ్మ

సగం పాఠం మాయమైపోయింది. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని తెర మీద మిగిలిన ముక్కను మళ్లీ చదివింది. ఆకుతో మొదలైన వాక్యం వేరుతో ముగిసింది. మధ్యలో కాండం, పువ్వు, కాయ అన్నీ గల్లంతు. ఈ ప్రయోగం నకలు మీద చేసింది కాబట్టి బతికిపోయింది, అసలు పుస్తకం భద్రంగానే ఉంది.

చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలను కంప్యూటరు చేత చదివించి, ఆ గొంతును పంపించే చిన్న ఆఫీసు అది. పుస్తకంలో అడుగడుగునా చదరపు బ్రాకెట్లలో బొమ్మల గుర్తులు, పేజీల గుర్తులు ఉంటాయి. తీసెయ్యకపోతే యంత్రం వాటినీ పాఠంలో కలిపి చదివేస్తుంది. వాటిని ఏరి పారెయ్యడమే ఆవిడ ఉద్యోగం. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే ఏరి ఏరి చూపుడువేలు కొంచెం వంగిపోయింది. బ్రాకెట్లమ్మ అని అందరూ పిలుస్తుంటే మొదట్లో ఉడుక్కునేది, పోనుపోను ఆ పేరుకే పలికేది.

ఈ సాయంత్రం ఆవిడ రిటైరవుతోంది. చేతిలో ఉన్నదేమో దిండంత లావు సైన్సు పుస్తకం. పరీక్ష నెత్తి మీదికి వచ్చేసింది. పొద్దున్నే ఒకమ్మాయి ఫోను చేసింది.

"ఆంటీ, సైన్సు ఇవాళైనా వస్తుందా? మిగతావన్నీ వినేశాను. ఇదొక్కటే బెంగ."

"వస్తుందమ్మా, సాయంత్రానికి."

మాటైతే ఇచ్చేసింది. చేత్తో ఏరితే వారం పట్టే పని.

ఆవిడ ధైర్యమల్లా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మీదే. వెతకాల్సినదాని ఆకారాన్ని గుర్తుల్లో రాసిస్తే, అలా ఉన్నవన్నీ కంప్యూటరే పట్టుకుంటుంది. కోడలి దగ్గర మొదలుపెట్టి, భోజనం వేళల్లో కుస్తీ పడుతూ నేర్చుకుంది. రిటైరయ్యేముందు ఈ తంటా ఎందుకని అడిగినవాళ్లకు, "నా తర్వాత వచ్చే పిల్ల వేలు వంగకూడదు" అని చెప్పేది.

ఆవిడ రాసిన నమూనా ఇదీ: తెరిచే బ్రాకెట్టు, చుక్క, నక్షత్రం, మూసే బ్రాకెట్టు. చుక్క అంటే ఏ అక్షరమైనా, నక్షత్రం అంటే ఎన్నైనా. బ్రాకెట్లను మామూలు అక్షరాలుగానే చూడమని చెప్పడానికి వాటి ముందు పెట్టే వాలుగీతలు కూడా మరిచిపోలేదు. మరి పాఠాన్ని ఎందుకు మింగింది?

చిన్న వాక్యం రాసి చూసింది. "ఆకు [బొమ్మ] పచ్చగా [పేజీ] ఉంటుంది." మీట నొక్కితే "ఆకు ఉంటుంది" అని మిగిలింది.

మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు. "వదిలెయ్యండమ్మా, వచ్చే నెల చూద్దాం. కేకు తెప్పించాను, రండి."

"వచ్చే నెలకి పరీక్ష అయిపోతుంది బాబూ. కాసేపు నన్ను కదిలించకండి."

మళ్లీ ఆ వాక్యం వైపే చూసింది. మొదటి బ్రాకెట్టు దగ్గర బయల్దేరిన నమూనా, దారిలో మూసే బ్రాకెట్టు కనబడినా ఆగకుండా చిట్టచివరిదాకా పోయింది. అచ్చం వాళ్లాయన లాగే. ఆయన పక్కింట్లో ఒక్క మాట చెప్పొస్తానని వెళ్లి, వీధి చివరిదాకా ప్రతి గుమ్మంలోనూ చెప్పి మరీ వస్తాడు. మొదటి గుమ్మం దగ్గరే ఆగమని ఆయనకైనా, దీనికైనా ఎవరు చెప్పారు గనక?

చుక్క తీసేసింది. దాని చోట "మూసే బ్రాకెట్టు కాని అక్షరం ఏదైనా" అనే అర్థం వచ్చేలా గుర్తులు పెట్టింది. మీట నొక్కింది.

"ఆకు పచ్చగా ఉంటుంది."

"ఏమిటమ్మా, మీలో మీరే నవ్వుకుంటున్నారు?"

"ఆగింది బాబూ. బుద్ధిగా మొదటి గుమ్మంలోనే ఆగింది."

పుస్తకం మొత్తం మీద నడిపింది. జీవితమంతా ఆవిడ ఒక్కొక్కటే ఏరుతూ వచ్చిన బాపతు బ్రాకెట్లు కళ్లముందే బిలబిలా రాలిపోయాయి. లెక్కల్లోని గుండ్రటి బ్రాకెట్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడకు గర్వంతో ఒళ్లు పులకరించింది. ఆ గర్వాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు. నాలుగైదు చోట్ల వినిచూసి, పుస్తకాన్ని పంపేసింది. కేకు తింటుండగా ఆ అమ్మాయి ఫోను వచ్చింది.

"వచ్చింది ఆంటీ. ఎక్కడా ఏ గుర్తూ అడ్డం రావట్లేదు, హాయిగా ఉంది."

నమూనాలో ఏ గుర్తు ఏం చేస్తుందో మేనేజరుకు ఓపిగ్గా చెప్పి, ఆవిడ సంచి భుజాన వేసుకుంది. ఇంటికి నడిచే వెళతానంది. మెట్ల వైపు నడుస్తుంటే ఎవరూ బ్రాకెట్లమ్మా అని పిలవలేదు, పెద్దమనిషిని సాగనంపినట్టు అందరూ లేచి నిలబడ్డారు.

బల్ల మీద ఆవిడ మరిచిపోయిన హెడ్‌ఫోన్లలో కంప్యూటరు గొంతు, వాన ఎలా కురుస్తుందో ఎక్కడా తడబడకుండా చెప్పుకుంటూ పోతోంది.