ముందు నేను రుచి చూసిన వస

మా వాగ్దేవికి మూడేళ్లు నిండవచ్చినా నోట మాట లేదు. అమ్మా అని కూడా అనలేదు. తెనాలిలో డాక్టరుగారు చెవులు పరీక్ష చేయించి, వినికిడి బాగానే ఉందమ్మా, కంగారుపడకు అన్నారు. కంగారుపడకుండా ఉండటం నాకు చేతకాదు. బడిలో దాహమేస్తే ఎవరిని అడుగుతుంది, తప్పిపోతే ఎవరి పిల్లనని చెబుతుంది అని రోజంతా అవే ఆలోచనలు.

2004 కృష్ణా పుష్కరాలకి రేపల్లెలో మా అత్తగారింటికి వెళ్లాం. ఆవిడ పేరు శివపార్వతి. పిల్లను చూడగానే అందుకుంది.

"పురిట్లోనే వస పొయ్యమన్నాను. విన్నావా?"

"అది పడదేమో అని భయమేసిందండి అత్తయ్యా."

"నీ మొగుడికి పోశాను. వాడికేమైంది? వాగడం ఆపమన్నా ఆపడు."

అది నిజమే. మా ఆయన కనిపిస్తే పాలవాడు సైకిలు కూడా దిగడు.

ఆవిడ వస కొమ్ముని ఆముదం దీపం మీద కాల్చి, సానరాయి మీద తేనె చుక్క వేసి అరగదీసింది. బుర్ర చురుకవుతుందనీ, నాలుక తిరుగుతుందనీ వాళ్లింట్లో తరాల నమ్మకం. ఆ నల్లటి గంధం వేలికి తీసుకుని పిల్ల దగ్గరికి జరుగుతుంటే నేను అడ్డం వెళ్లాను. బలపమైనా, గుండీ అయినా, చింతగింజైనా, పిల్ల ఏది నోట్లో పెట్టుకున్నా "ఉమ్మెయ్ తల్లీ, ఉమ్మెయ్" అని గడ్డం కింద దోసిలి పట్టే మనిషిని.

"ముందు నాకు పెట్టండి. నాకేమీ కాకపోతే అప్పుడు చూద్దాం."

"చంటిపిల్లవి నువ్వా, అదా?" అంటూనే నా నాలుక మీద రాసింది, పాత కోపం కూడా కలిపి కాస్త ఎక్కువగానే.

ఘాటు ముక్కుదాకా ఎక్కింది. కళ్లనిండా నీళ్లు. మింగలేను, అత్తగారి ఎదుట ఉమ్మలేను. నోటికి చేతులడ్డం పెట్టుకుని కూలబడ్డాను.

వాగ్దేవి పరుగెత్తుకొచ్చి నా గడ్డం కింద దోసిలి పట్టింది.

"ఉమ్మెయ్ తల్లీ," అంది. "ఉమ్మెయ్."

నేను గుటుక్కున మింగేశాను.

అత్తయ్య నవ్వాపుకోలేక సానరాయి పక్కకి జరిపింది. "నీకు పోస్తే దానికొచ్చిందేంటే మాట!"

తిరిగి తెనాలి వెళ్లే రైల్లో ఎదుటి సీటాయన వేరుశనక్కాయల పొట్లం విప్పి ఒకటి నోట్లో వేసుకున్నాడు. పిల్ల వెళ్లి ఆయన గడ్డం కింద దోసిలి పట్టింది. "ఉమ్మెయ్ తల్లీ."

పెట్టెలో అందరూ నవ్వారు. ఆయన ఒక కాయ ఒలిచి దాని దోసిట్లో గింజలు వేశాడు. అది చటుక్కున నోట్లో వేసుకుంది. గొంతుకి అడ్డం పడతాయేమోనని నాకు మామూలుగానే దడ మొదలైంది.

"ఉమ్మెయ్ తల్లీ," అన్నాను.

నమిలి మింగి, నావైపు చూసింది.

"ఉమ్మను."