మట్టి మోసిన గాడిద

ఒక మనిషి పొద్దస్తమానం చేసే పనిని ఎవరూ పని అనకపోతే, అంతసేపూ ఆ మనిషి ఏం చేస్తున్నట్టు?

ఈ ప్రశ్న నాకు సాగర్ కాలవ గట్టు మీద తోచింది. పాతచీర ముక్కను చుట్టకుదురు చేసి తలమీద పెట్టుకున్నాను. నిండిన బిందె ఇంకా నీళ్లలోనే ఉంది. అవతల చేలో నా భర్త భావనారాయణ చేతిపంపు వీపున తగిలించుకుని పత్తికి మందు కొడుతున్నారు. గట్టు మీంచి మా చేను కనిపిస్తుంది. కనిపించినంత దగ్గర కాదు. మధ్యలో రెండు మిరపచేలు, ఒక డొంక. వానలు వెనకబట్టినా నల్లరేగడిలో తడి ఆరదు. అడుగడుక్కీ మట్టి పాదాలకు అంటుకుని, చేను చేరేసరికి నెత్తిన ఒక బరువు, కాళ్లకు రెండు బరువులు. ఆయన వంగితే వీపు మీది ట్యాంకులో నీళ్లు పోస్తాను. మందు ఆయన కలుపుకుంటారు. నేను మళ్లీ కాలవకు వెళతాను. మేము పత్తి వేయడం మొదలుపెట్టిన ఏడాది నుంచీ ఇదే వరస.

సాయంత్రం అరుగు మీద ఎవరైనా "ఎంతవరకు వచ్చిందిరా భావనారాయణా?" అని అడిగితే, "పడమటి చెక్క కొట్టేశాను" అంటారాయన. "ఎవర్ని పెట్టావు?" అంటే, "ఎవరూ లేరు, నేనే. మా ఆవిడ సాయానికొచ్చింది" అంటారు. అది అబద్ధం కాదు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంటుంది. చదువుకున్న భార్య చేలోకి వచ్చిందన్న గర్వం. అందుకే ఆ మాటలో ఏం తక్కువైందో చాలాకాలం నాకు తెలియలేదు.

నీళ్లకు ఒక కూలీమనిషిని పెడితే ఎలా ఉంటుందని మొదటి ఏడాదే అడిగాను. మా అత్తగారు పేరమ్మగారు చేటలోంచి తలెత్తకుండానే, "ఇంట్లో మనిషి ఉండగా కూలీమనిషెందుకే అమ్మాయ్?" అన్నారు. ఆవిడ కఠినురాలు కాదు. ఆవిడ లెక్కలో ఇంటిమనిషి ఒళ్లు కూడా ఇంటి సామానే. వాడుకుంటే ఖర్చయ్యేది కాదు.

నేను దుఃఖంలో ఉన్నానని చెబితే మాత్రం అది అసత్యమవుతుంది. చేతిపంపు చప్పుడు చిన్నది. దాని మీదుగా మాట్లాడుకోవచ్చు. గుంటూరులో బి.ఏ. చదివేటప్పుడు తర్కం నాకు ఇష్టమైన విషయం. పెళ్లితోపాటు ఆ పుస్తకాలు కూడా ట్రంకుపెట్టెలో ఈ ఊరు వచ్చాయి. మధ్యాహ్నాలు చదివింది మర్నాడు చేలో ఆయనకు చెప్పేదాన్ని. "పొగ ఉంటే నిప్పుంటుందని చెప్పడానికి అంత లావు పుస్తకమా? మా అమ్మ వంటింట్లో కూర్చుని ఎప్పుడో తేల్చేసింది" అని నవ్వేవారు. నవ్వినా వినేవారు. భార్య చెప్పేది వినే భర్త దొరకడం నా తోటివాళ్లలో అందరికీ జరిగింది కాదు.

ఒకరోజు కారణాల గురించి చెప్పాను. కుండ తయారు కావడానికి మట్టి ఒక కారణం, కుమ్మరి ఒక కారణం, సారె ఒక కారణం. ఆ మట్టిని మోసుకొచ్చిన గాడిద మాత్రం కారణం కాదు. అది ముందు ఉన్నమాట నిజమే. కానీ ఆ గాడిదే ఉండాలని లేదు, మట్టి బండి మీద కూడా రావచ్చు. కాబట్టి శాస్త్రం దాన్ని లెక్కలోంచి తీసేసింది.

"పాపం గాడిద!" అన్నారాయన, పంపు కొట్టుకుంటూ ముందుకు సాగిపోతూ.

నేను కూడా నవ్వాను. ఖాళీ బిందె నా చంకలో ఉంది. ఆ క్షణాన మా ఇద్దరిలో ఎవరికీ ఏమీ తట్టలేదు.

ఆ ఏడాది పత్తి మోకాలు దాటగానే చేతిపంపు పనికిరాకుండా పోయింది. మిషన్ కొనాలని ఆయన నిశ్చయించుకున్నారు. "నువ్వూ రా మల్లీ, నీ పుస్తకాలేమన్నా ఉంటే చూసుకుందువుగాని" అని నన్నూ గుంటూరు తీసుకెళ్లారు. చెంచురామయ్యగారి కొట్టులో మాకు విత్తనాల ఖాతా ఉంది. ఆయన నాకు కుర్చీ వేయించి, పెట్రోలుతో నడిచే పవర్ స్ప్రేయర్ బల్ల మీదికెక్కించి తాడు లాగారు. కొట్టంతా దద్దరిల్లింది. నీలం పొగ లేచింది. రోడ్డున పోయే రైతులు నలుగురు లోపలికి తొంగిచూశారు.

"వినండి ఆ మోత! మీరు చేలో దిగితే ఊరికి తెలియాలి భావనారాయణగారూ. ట్యాంకు చిటికెలో ఖాళీ!"

మా ఆయన ముఖం తిరునాళ్లలో పిల్లవాడి ముఖంలా ఉంది. నాకూ ముచ్చటేసింది.

గోడకు ఒక పొడుగాటి కర్ర వేలాడుతోంది. దాని చివర మూతలాంటి ప్లాస్టిక్ బిళ్ల, పక్కన చిన్న సీసా. అదేమిటని అడిగాను. "అదా అమ్మా, కంపెనీవాళ్లు నాకు అంటగట్టి పోయారు. పిడిలో టార్చిలైటు బ్యాటరీలే వేస్తారు. బిళ్ల గిర్రున తిరిగి మందును మంచులాగా గాల్లోకి చిమ్ముతుంది. అడిగిన రైతు లేడు ఇంతవరకూ."

"దానికి ఎకరానికి నీళ్లెన్ని కావాలండీ?"

ప్రశ్న నాది. జవాబు మా ఆయన వైపు తిరిగి చెప్పారు. "అదేనండీ దీంతో చిక్కు. ఒక్క బిందెట! బిందెడు నీళ్లతో ఎకరం పత్తి తడుస్తుందా? మీరే చెప్పండి."

"మరి పెట్రోలు మిషన్‌కి?"

"నీళ్లదేముందమ్మా!" ఈసారి నవ్వుతూ నా వైపే చూశారు. "కాలవ నిండా ఉన్నాయి. ఊరికే వచ్చేవేగా!"

కొట్టులో అందరూ నవ్వారు. వాళ్లతోపాటు మా ఆయన కూడా నవ్వారు. ఆలోచించి నవ్విన నవ్వు కాదది. ఆలోచన కంటే ముందే వచ్చేసింది. నన్ను తాకింది అదే. ఆలోచించి అన్న మాటతోనైతే వాదించవచ్చు.

"రెండూ పట్టుకెళ్లి చూడండి. సోమవారం ఒకటి తిరిగిచ్చేయండి" అన్నారు చెంచురామయ్యగారు. బస్సులో మా ఆయన నాకు కిటికీ పక్కన చోటు చూపించి, పెట్రోలు మిషన్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. కర్రను నేను పట్టుకున్నాను.

మర్నాడు పెట్రోలు మిషన్‌తో మొదలుపెట్టాం. చేతిపంపుతో ఒక ట్యాంకు అయ్యేలోపల నేను కాలవకు వెళ్లి తీరిగ్గా తిరిగి వచ్చేదాన్ని. ఇప్పుడు సగం డొంకలో ఉండగానే ట్యాంకు ఖాళీ అవుతోంది. ఆయన గట్టున నిలబడి చెయ్యి ఊపుతున్నారు. మోతలో ఏమంటున్నారో వినపడదు. దగ్గరికి వెళితే, "గబగబా రా మల్లీ, ఊరికే పెట్రోలు కాలిపోతోంది!" అని అరిచారు. పరుగెత్తాను. మట్టి పరుగెత్తనివ్వలేదు. బిందె తొణికి చీర తడిసింది. మేమిద్దరం ఆ రోజంతా మాట్లాడుకున్న మాటలు ఇవే: గబగబా, వస్తున్నా. మిషన్ ఆయన శ్రమను తగ్గించింది, నిజం. ఆ తగ్గిన శ్రమ మాయం కాలేదు. డొంక దాటి నా వైపు వచ్చింది.

సాయంత్రం అరుగు మీద, "మిషన్ బ్రహ్మాండం. మా ఆవిడే అందుకోలేకపోతోంది" అన్నారు. మళ్లీ అందరూ నవ్వారు. నేను లోపల పులుసు పోపు వేస్తున్నాను. ఆవాలు చిటపటలాడటం ఆగేదాకా కదలకుండా నిలబడ్డాను.

తరవాతి రోజు కర్ర పట్టుకెళ్లాం. దానికి గాలి వాటం చూసుకోవాలి. గాలి పడిపోతే ఆగాలి. "గాలి కోసం కాచుకు కూర్చునే సేద్యం ఎక్కడన్నా ఉందా?" అని విసుక్కుంటూనే గట్టు మీద నా పక్కన కూర్చున్నారు. నేను తెచ్చిన బిందెలో నీళ్లు ఇంకా సగం ఉన్నాయి. గాలి వచ్చేదాకా కబుర్లు చెప్పుకున్నాం. తరవాత ఆయన నడుస్తూ, "మోత లేదు, పొగ లేదు, మందు పడుతున్నట్టే లేదు" అన్నారు. వెంట తెచ్చిన తల దువ్వుకునే చిన్న అద్దం ఇచ్చాను. ఆయన మొక్కల సందున పెట్టి ఆ సాలు దాటాక వచ్చి చూశారు. అద్దం నిండా సన్నటి చుక్కలు.

"పడింది. కాదనను" అన్నారు. తల వంచుకుని, "కానీ మల్లీ, నలుగురూ ఏమంటారు? భావనారాయణ కర్ర పుచ్చుకుని చేలో గాలికి తిరుగుతున్నాడంటారు" అన్నారు.

నాకు ఆయన మీద జాలి కలిగింది. ఆయన నెత్తినా ఒక బిందె ఉంది. నలుగురి చూపులు దాని నిండా ఉన్నాయి.

ఇంట్లో మా అత్తగారికి వేరే భయం. "ఆ కర్రలో బ్యాటరీలు అయిపోతే నా రేడియోలోవి పీకుతార్రా? హరికథ రోజున రేడియో మూగబోయిందో, ఊరుకోను!"

ఆదివారం పొద్దున ఆయన కాఫీ తాగి లేచారు. "తేలిపోయింది. పెట్రోలుదే ఉంచేద్దాం. తూర్పు చెక్క ఇవాళ ముగించేస్తాను. నువ్వు కాస్త గబగబా అందిస్తే చాలు."

కాస్త. గబగబా. చాలు. మూడూ చిన్నమాటలే.

"మీకు నచ్చింది మీరు ఉంచుకోండి. నీళ్లకు నేను రాను" అన్నాను.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

మా అత్తగారు దూదితో చేస్తున్న వత్తి పక్కన పెట్టారు. "మరి నీళ్లెవరందిస్తారే?"

"కూలీమనిషిని పెట్టుకోవచ్చు అత్తయ్యా."

"ఇంట్లో మనిషి ఉండగా..."

"ఇంట్లో మనిషినే కదా. ఇంట్లోనే ఉంటాను."

కోపంగా అనలేదు. గొంతు నిలకడగానే వచ్చింది. పెరట్లోకి వెళ్లి బిందెలు బోర్లించాను. ఆయన కాసేపు వాకిట్లో అటూ ఇటూ తిరిగారు. ఆదివారంనాడు అప్పటికప్పుడు ఎవరొస్తారు? చివరికి పెరట్లోకి వచ్చి, నేను బోర్లించిన బిందెల్లో ఒకటి తీసుకుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయారు.

నేను పుస్తకం తీసుకుని వసారాలో కూర్చున్నాను. మా ఇల్లు ఊరి చివర. చేలో చప్పుడు ఇంటికి వినిపిస్తుంది. మిషన్ మొదలైంది. ఊరికి తెలియాలని కొట్టులో అన్నారు కదా, తెలిసింది. ఒక పేజీ పూర్తికాకముందే ఆగిపోయింది.

"ఆగిందేమే? అప్పుడే చెడిపోయిందా?" అన్నారు మా అత్తగారు.

"లేదత్తయ్యా. నీళ్లకు వెళ్లారు."

నిశ్శబ్దం చాలాసేపు సాగింది. నేను పేజీలు తిప్పాను. మా అత్తగారు వత్తులు చేయడం మానేసి చెవి అటు పెట్టారు. మళ్లీ మోత. మళ్లీ వెంటనే నిశ్శబ్దం. ఈసారి ఇంకా పొడుగ్గా. అన్నేళ్లుగా నేను చేసిన పని మొదటిసారి ఊరందరికీ వినిపించింది. శాస్త్రంలో గాడిదను తీసేసినా కుండ ఆగదు. ఇక్కడ మిషన్ ఆగింది.

మూడోసారి ఆగినప్పుడు మా అత్తగారు కాలవ వైపు తిరిగి చూశారు. "నా రోజుల్లో బావి చేలోనే ఉండేది" అన్నారు. "కాలవ అంత దూరమటే?"

"అంత దూరమే అత్తయ్యా."

ఆయన మధ్యాహ్నం వచ్చారు. మోకాళ్లదాకా నల్లమట్టి. చొక్కా సగం తడిసింది. మిషన్ అరుగు మీద దించి, పెరటి బావి దగ్గర ఒళ్లంతా రుద్దుకుని కడుక్కుని, మంచినీళ్లు తాగి, గోడకు చేరగిలబడి కూర్చున్నారు. తూర్పు చెక్క సగం కూడా కాలేదని ఆయన చెప్పకుండానే తెలుస్తోంది. నేను అన్నం వడ్డిస్తానంటే, ఉండమన్నట్టు చెయ్యెత్తారు.

"మల్లీ, రేపు ఏది తిరిగిచ్చేద్దాం?"

ఇది ఆయన అడిగిన ప్రశ్న. పెళ్లయిన ఇన్నేళ్లలో చేనుకు సంబంధించి నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు. మీ ఇష్టమండీ అన్న మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపాను.

"పెట్రోలుది" అన్నాను.

"నలుగురూ నవ్వితే?"

"బిందె మోసినవాళ్లను నవ్వమనండి."

ఆయన నవ్వారు. కొట్టులో నవ్విన నవ్వు కాదది. మా అత్తగారు లోపలి నుంచి, "రేడియో జోలికి మాత్రం రాకండర్రా" అన్నారు.

రేపటిదాకా ఆగితే ఆ మాట మళ్లీ మెత్తబడిపోతుందని నాకు తెలుసు. అప్పుడే లేచి గాదె వెనక నుంచి గోనెసంచీ, తాడూ తెచ్చాను. మిగిలిన పెట్రోలు ఆయన సీసాలోకి వంపారు. మిషన్‌ను సంచిలో పెట్టి తాడు చుట్టడం మొదలుపెట్టాను. ఒక చివర నా చేతిలో ఉంది. రెండో చివర ఆయన అందుకున్నారు.

"సాయం పడతానుండు" అన్నారు.

"సాయం కాదండీ, ఇది పని. గట్టిగా లాగండి" అన్నాను.

ఆయన గట్టిగా లాగారు. నేను ముడి వేశాను.