గుసగుసల కమాను

"మైనం తర్వాత గోకొచ్చులే. బస్సొచ్చింది, నీ మూలకి పో," అన్నాడు మొగుడు.

మరియమాత పీఠం కింద గట్టిపడ్డ కొవ్వొత్తుల మైనాన్ని మొండి చాకుతో గోకుతున్న ఆమె, మోకాళ్ళు పట్టుకుని లేచింది. అతను ఈ పాత చర్చికి కాపలాదారు, గైడు కూడా. ఆమె అతని భార్య. అంటే నేల తుడిచేది, పీఠం బట్టలు ఉతికి గంజి పెట్టేది, పూలకుండీల్లో నీళ్ళు మార్చేది. జీతం సంగతి ఒకసారి ఎత్తితే, "దేవుడింట్లో పనికి జీతమేంటే?" అంది అత్తగారు. కొడుకు మాత్రం ఆ దేవుడి దగ్గరే నెలనెలా పుచ్చుకుంటున్నాడని ఆవిడకి గుర్తు రాలేదు.

అదంతా ఒక ఎత్తు, ఆ మూల ఒక ఎత్తు.

గోపురాన్ని మోసే పెద్ద రాతి కమాను ఒక మూల లేచి ఎదుటి మూల దిగుతుంది. ఒక మూల రాతికి నోరు ఆనించి గుసగుసలాడితే, ఆ మాట కమాను వంపు పట్టుకుని పైకెక్కి, అవతలి మూల దిగుతుంది. మధ్యలో నిలబడ్డవాళ్ళకి ఏమీ వినపడదు. మహమ్మారి రోజుల్లో కట్టారట. రోగి ఒక మూల, ఫాదర్ ఇంకో మూల. అంటురోగమైనా సరే, ఫాదర్ చెవిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం ఆగకూడదు కదా. తర్వాతెప్పుడో భూకంపానికి గోపురం కూలింది, పిడుగుపడి గంటల బురుజు చీలింది, రెండూ మళ్ళీ కట్టారు. కమాను మాత్రం చెక్కుచెదరలేదు. ఈ చరిత్రంతా అతను గొంతు ఎత్తీ దించీ చెప్పి, చివర్లో రాతివైపు తిరిగి గుసగుసలాడతాడు. అవతల ఆమె దాన్ని అందరికీ వినపడేలా అప్పజెప్పాలి.

ఏం చెప్పించేవాడని? "నా వంట తిని కూడా మా ఆయన బతికున్నాడే, అదీ ఈ చర్చిలో జరిగిన అద్భుతం." జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. "నాకు బుర్ర తక్కువ, అందుకే మాట తేలిగ్గా దూరుతుంది." మళ్ళీ నవ్వులు. ఒకసారి ఆమెకి నోరు పెగల్లేదు. "మొగుడన్న మాట మళ్ళీ అనడానికి కూడా బద్ధకమేనా తల్లీ?" అంది అత్తగారు. పాప పుట్టి, కళ్ళైనా తెరవకుండా పోయిన వారం లోపే, పాలు పొంగి జాకెట్టు తడుస్తుంటే, ఆమె ఆ మూలలోనే నిలబడింది. "నా అంత సుఖపడే ఆడది లోకంలో లేదు" అని ఆ రోజు చెప్పించాడు. చెప్పింది. ఆ తర్వాత చాలాకాలం ఏం తిన్నా మట్టి తిన్నట్టే ఉండేది. ఏడుపొచ్చినా బాగుండేది, రాలేదు. తనకంటూ ఒక గొంతు ఉండేదన్న సంగతే మరిచిపోతున్నానేమోనని భయం వేసేది. కొన్నాళ్ళకి ఆ భయమూ పోయింది.

ఇవాళ నవ్వులన్నీ అయ్యాక, గుంపులోంచి ఒక పెద్దావిడ, "అటునుంచి కూడా మాట వస్తుందా? అమ్మాయీ, ఈసారి నువ్వు చెప్పు, ఆయన్ని పైకి అనమను," అంది.

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అతను కాదనలేక చెవి ఆనించాడు. ఆమె రాతికి నోరు ఆనించింది. ఏం చెప్పాలి? వెతికితే లోపల ఉన్నవన్నీ అతని మాటలే. వంట, బుర్ర తక్కువ, సుఖం. సామాను తీసేసిన ఇంట్లో చీకట్లో తడుముకున్నట్టు తడుముకుంది. అందరూ ఎదురుచూస్తున్నారు. చివరికి ఒకటి దొరికింది. చెప్పింది.

అవతల అతని భుజాలు బిగుసుకున్నాయి. ఇటు తిరిగేసరికి మాత్రం మొహం నిండా నవ్వు.

"మా ఆయన బంగారం, అంటోందండీ!"

చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ అతని మాటలు ఆమె నోట్లో ఉన్నాయి, సరే. బతుకు మొత్తానికి దొరికిన ఒక్క సొంత మాటనీ అతను మింగేశాడు.

"నువ్వన్నది అదేనా అమ్మా?" పెద్దావిడ అడిగింది.

"కాదండీ. పాప చచ్చిపోయిన ఆ వారంలో కూడా నన్నిక్కడ నిలబెట్టి జనాన్ని నవ్వించావు, నిన్ను క్షమించలేను, అన్నాను."

గోపురం కింద ఆ మాట మోగింది. కొందరు నేల చూపులు చూశారు. ఒకాయన గొంతు సవరించుకుని, బురుజు మెట్లు ఎటువైపని అడిగాడు. పెద్దావిడ కూడా సంచీ సర్దుకుని వాళ్ళ వెనకే కదిలింది. అంతే. ఆ మాట కోసం ఎవరూ ఆగలేదు.

మొగుడు దగ్గరికొచ్చి, పెదాలు కదలనివ్వకుండా, "ఇంటికి పద, నీ సంగతి చెప్తాను," అన్నాడు.

"ఇక్కడే చెప్పు," అంది ఆమె. "గుసగుసగా కాదు. గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పు."